పెంచలయ్య ఇల్లుబండి

అరవై ఒక్క ఏళ్ళకు పెంచలయ్యకు మిగిలిన ఆస్తంతా కువైట్‌లోని రుమైథియాలో ఒక పెద్దింటి వెనకాల, గాలి దిగిన నాలుగు టైర్ల మీద నిలబడి ఉంది. అదొక ఇల్లుబండి. లోపల మడతమంచం, రెండు మంటల పొయ్యి, నాలుగు గిన్నెలు కడుక్కునేంత తొట్టి, నెత్తిమీద చెక్క అరలు. చలికాలం రాగానే ఎడారిలో గుడారాలు వేసుకుని గడిపే సరదా ఆ ఇంటి ముసలి యజమాని బాబాకు ఉండేది. ఇరవై ఏళ్ళ కిందట ఆయన ఈ బండిని కొన్నప్పుడు ఇంటికి తోలుకొచ్చింది పెంచలయ్యే. ఏటా దాన్ని ఎడారికి తోలుకుపోయి, ఎండలు ముదరకముందే వెనక్కి తెచ్చిందీ అతనే. బాబా మంచానపడ్డాక కొడుకులందరినీ పిలిచి, "ఈ బండి బెంచల్‌ది. ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు. ఆ ఇంట్లో ఎవరి నోటా 'ప' పలకదు, ఇరవై తొమ్మిదేళ్ళుగా అతను వాళ్ళకు బెంచలే. కాగితం మీద ఎవరి పేరుందని అడిగే తెలివి మన పెంచలయ్యకు లేదు. ఉన్నా అడిగే నోరు అసలే లేదు.

బాబా పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి బండి కదల్లేదు. పెంచలయ్య మాత్రం తన డ్రైవర్ గదిలోంచి చాపా దిండూ తెచ్చుకుని అందులోకి మారిపోయాడు.

ఎందుకంటే అతనికి పోలేరమ్మ అని ఒక భార్య ఉంది. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళు. అందులో ఇద్దరూ ఒక కప్పు కింద కాపురం చేసింది ఏడేళ్ళయినా నిండదు. అతను ముందొచ్చాడు, కూతురు కాస్త పెద్దదయ్యాక ఆమె వచ్చింది. ఇద్దరూ కువైట్లోనే, ఇద్దరూ రుమైథియాలోనే. కానీ అతను ఈ ఇంటి డ్రైవరు, ఆమె పెద్దరోడ్డు అవతల ఇంకో బ్లాకులో మంచానపడ్డ ముసలామెను చూసుకునే మనిషి. మగవాణ్ణి ఆ ఇంట్లోకి రానివ్వరు, ఆడమనిషిని ఈ ఇంటి డ్రైవర్ గదిలోకి రానివ్వరు. ఇన్నేళ్ళూ మొగుడూ పెళ్ళాలు గోడల పక్కన, బాకాల ముందు నిలబడి మాట్లాడుకున్నారంటే నమ్మండి. బాకాల అంటే వీధి మూలనుండే కిరాణాకొట్టు. ఇల్లుబండి చేతికొచ్చాకే వాళ్ళకొక తలుపు, ఆ తలుపుకొక గడియ దొరికాయి.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక పోలేరమ్మకు పొద్దుగూకేవరకు సెలవు. వచ్చీ రాగానే కొంగు నడుముకు చెక్కి పొయ్యి వెలిగించేది. సంగటి కెలికి, ముద్ద చేసి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడితో అతని ముందు పెట్టేది. ఊళ్ళో వాళ్ళకు రెండు మొండిగోడలు తప్ప ఇల్లంటూ లేదు. కాబట్టి ఇల్లు అన్నప్పుడల్లా ఇద్దరికీ ఈ బండే మనసులో మెదిలేది.

"ఒక్క తూరన్నా దీన్ని కదిలించవయ్యా. నిలబడిన బండే నా మొగాన రాసిపెట్టినట్టుండాది" అనేది పోలేరమ్మ.

"ఈ సలికాలం బర్రుకు తీసకపోతా మే. ఇసకలో కూకోబెడ్తా నిన్ను" అనేవాడు. బర్రు అంటే ఎడారి. ఆ మాట రెండు చలికాలాలుగా అంటూనే ఉన్నాడు.

సెప్టెంబరు చివర్లో ఒకరోజు పెద్దకొడుకు బదర్ అతన్ని పిలిచాడు. ఇప్పుడు కఫీల్, అంటే వీసాకు పూచీదారు, బదరే. మంచివాడే, కాకపోతే తండ్రిలాగా కూర్చోబెట్టి మాట్లాడే తీరిక లేనివాడు. ఫోను చూపిస్తూ, "బెంచల్, నీ లైసెన్సు వచ్చే నెలతో ఖలాస్. కళ్ళ పరీక్ష కాగితం తెచ్చుకో. అది లేకపోతే లైసెన్సు లేదు. లైసెన్సు లేని డ్రైవరుకు ఇఖామా లేదు" అన్నాడు. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి. వెళ్ళబోతూ ఆగి, ఇల్లుబండి నిలిపిన చోటు వంక చూసి, "అక్కడ షెడ్డు వేయాలని చూస్తున్నా. నువ్వు ఉన్నన్నాళ్ళూ వేయనులే" అన్నాడు.

పెంచలయ్య సరేనని తలూపాడు గానీ, ఆ పరీక్ష గట్టెక్కడం తనవల్ల కాదు. ఎందుకో తనకొక్కడికే తెలుసనుకున్నాడు.

కుడికన్ను పోయి ఏడాది దాటింది. ఎడమకన్ను ముందు పొగ కమ్మినట్టు ఉంటోంది. మొదట్లో అద్దాలు మారిస్తే సరిపోతుందనుకున్నాడు. మహబూలాలో ఉచితంగా కళ్ళు చూస్తున్నారంటే వెళ్ళాడు. సుగరు కంటి వెనక నరాన్ని తినేసిందనీ, ఇది అద్దాలతో ఆపరేషన్‌తో బాగయ్యేది కాదనీ, ఉన్నదన్నా నిలుపుకోమనీ చెప్పారు. ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి ఇల్లుబండి అరలో పప్పుడబ్బా కింద దాచేశాడు. పోలేరమ్మకు కూడా చెప్పలేదు.

మరి బండెట్లా తోలుతున్నాడు? అలవాటు మీద. పొద్దున బదర్ పిల్లలిద్దరినీ బడికి దింపాలి, మధ్యాహ్నం తేవాలి. దారిలో మూడు సిగ్నళ్ళు, రెండు రౌండబౌట్లు. ఇరవై తొమ్మిదేళ్ళ దారి. ముందు బండి కదిలితే కదిలేవాడు, ఆగితే ఆగేవాడు. ముందు బండి లేనప్పుడు మాత్రం గుండె చేత్తో పట్టుకునేవాడు. ఒకసారి గేటు స్తంభానికి అద్దం రాసుకుంది. ఎండ కళ్ళలో కొట్టిందని చెప్పి తప్పించుకున్నాడు.

ఇంకొక సంగతి కూడా ఉంది. అంతకుముందు ప్రతి శుక్రవారం సాయంత్రం పోలేరమ్మను కారులో ఆమె ఇంటిదాకా దింపి వచ్చేవాడు. నాలుగు నెలలుగా దింపడం మానేశాడు. అరగంట నడక. పొద్దుగూకినా సెగ కక్కే తారురోడ్డు.

"ఏమయ్యా, కారు ఆడ్నే ఉండాది గదా. ఈ యెండకు నా కాళ్ళు బొబ్బలెక్కతాండాయి" అని మొదట్లో ఆమె గొణిగింది.

"బదర్ సొంతపనికి బండి తియ్యొద్దన్యాడు మే. సూస్తే గలాటా" అన్నాడు. బదర్ అటువంటి మాట ఎన్నడూ అనలేదు. పోలేరమ్మ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. ఆ తర్వాత మళ్ళీ ఆ ఊసెత్తలేదు. చెప్పులు తొడుక్కుని నడిచి వెళ్ళిపోయేది.

పరీక్ష మాట వినగానే పెంచలయ్య ఖైతాన్‌లో మాబు గదికి పరుగెత్తాడు. మాబుది రాయచోటి, అద్దె కారు తోలతాడు. ఆ పాత బిల్డింగు మూడో అంతస్తులో అతని గది మన డ్రైవర్లకు ఒక చిన్నపాటి బడి. లైసెన్సు పరీక్షకు పోయేవాళ్ళంతా ముందు అక్కడికొచ్చి పాఠం నేర్చుకుని పోతారు. కళ్ళ పరీక్షలో గోడమీది పెట్టెలో మూడుకాళ్ళ గుర్తులు వరుసగా ఉంటాయి. కాళ్ళు ఎటుంటే అటు చెయ్యి చూపాలి. ఎవడో పుణ్యాత్ముడు ఆ గుర్తులన్నీ వరుసగా గుర్తుపెట్టుకొచ్చి మాబు గదిలో క్యాలెండరు వెనక గీసిపెట్టాడు. పరీక్ష గట్టెక్కినవాడు వచ్చి వరుస మారిందో లేదో చెప్పి, గదిలో అందరికీ బిర్యానీ పెట్టాలి. అక్కడి కట్టుబాటు అది.

"పెంచలన్నా, భయపడొద్దు. మొన్న ఆదివారమే ఒకడు పోయొచ్చినాడు, వరుస అట్లే ఉంది. ఈ చీటీ మీద గీసిస్తా, చూసుకో: కింద, కుడి, పైన, ఎడమ, ఎడమ, కింద, పైన, కుడి, కింద, ఎడమ. పది. లైటు పడ్డాకే మొదలుపెట్టు. పరీక్ష చేసే ఆమె కట్టెతో చూపిచ్చేదాకా ఆగి, ఒక్కొక్కటే చూపిచ్చు. తొందరపడొద్దు" అన్నాడు మాబు. పెన్సిలు కిందపెట్టి, "అది సరే, నీకు నిజంగా ఎంత కనబడుతుందన్నా?" అని అడిగాడు.

"కొంచెం పొగమంచు మాదిరి. అంతే" అన్నాడు పెంచలయ్య.

ఆ శుక్రవారం ఇల్లుబండిలో వంట కాలేదు. కళ్ళ పరీక్ష ఉందని మాత్రం పోలేరమ్మకు చెప్పాడు, కళ్ళ సంగతి చెప్పలేదు. పోలేరమ్మ ఒక గట్టి అట్టను మూడుకాళ్ళ గుర్తులాగా కత్తిరించి, మాబు గీసిచ్చిన చీటీ చూసుకుంటూ, తలుపు దగ్గర నిలబడి తెడ్డుతో చూపిస్తూ వల్లెవేయించింది. బడి మొహం చూడని ఆ ఇద్దరూ అంత శ్రద్ధగా ఒక పాఠం చదవడం అదే మొదటిసారి.

"ఏడోది?"

"కింద."

"కింద కాదు, పైన! నీ తలకాయ! మళ్ళా మొదులుపెట్టు" అని తెడ్డుతో అతని మోకాలి మీద ఒకటి వేసింది. నవ్వుతూనే వేసింది గానీ ఆమె కళ్ళు నవ్వలేదు. అది పెంచలయ్యకు కనిపించలేదు. పొద్దుగూకేసరికి నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా పది గుర్తులూ నోటికొచ్చేశాయి.

పరీక్షకు మాబే తన కారులో తీసుకుపోయి వాకిట్లో దింపాడు. లోపల గదిలో ఒక చిన్న వయసు అమ్మాయి, తెల్లకోటు, మెడలో పేరు చీటీ. ప్రణతి. విజయవాడ పిల్ల. పెంచలయ్యకు అవేమీ కనబడలేదు, తెల్లగా ఒక మనిషి ఆకారం కనబడింది. ఇంగ్లీషులో కుర్చీ చూపించింది. కూర్చున్నాడు. మనసులో వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాడు, పదిసార్లు వరుస చెప్పుకున్నాడు.

గది చీకటైంది. టక్కుమని స్విచ్చు చప్పుడు వినబడింది. ఎదురుగా గోడమీద తెల్లటి మసక.

పడింది లైటు, అనుకున్నాడు. మాబు చెప్పిన తొందరపడొద్దన్న మాట గాలికి పోయింది. చెయ్యి దానంతటదే లేచింది. "కింద. కుడి. పైన. ఎడమ. ఎడమ..." అంటూ, చేత్తో చూపిస్తూ, ఊపిరి తీసుకోకుండా పదీ చెప్పేశాడు. చెప్పాక హమ్మయ్య అని చెయ్యి దించాడు.

ప్రణతి చేతిలోని కట్టె ఇంకా పైకి లేవనే లేదు.

"బాబాయ్, బోర్డు లైటు నేనింకా వేయలేదండీ. ఇప్పుడు ఆర్పింది గది లైటు" అంది ప్రణతి మెల్లగా, తెలుగులో.

పెంచలయ్యకు తల తీసేసినట్టయింది. ఆమె బోర్డు లైటు వేసింది. అతనికి తెల్లటి మసక ఇంకాస్త తెల్లబడింది, అంతే.

"మీరు చెప్పిన పదీ కరెక్టే బాబాయ్. ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఇప్పుడు చూసి చెప్పండి, అన్నిటికన్నా పైన ఉన్న పెద్దది ఎటు ఉంది?"

అతను చూశాడు. మొహం ముందుకు చాచి, కళ్ళు చికిలించి, మెడ వంచి చూశాడు. ఆ పెద్దది మాబు చెప్పిన వరుసలో లేదు.

"తెలీదు బిడ్డా" అన్నాడు చివరికి. అంటూనే కుర్చీలోంచి దిగి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మనోళ్ళ బిడ్డవి. నీ కాళ్ళు మొక్కుతా. ఒక్క సంతకం పెట్టు తల్లీ. ఈ కాగితం లేకపోతే నన్ను పంపించేస్తారు. నా ఆడమనిషి ఈడ్నే ఉండాది. ముప్పయ్యారేండ్లకు మాకొక గూడు దొరికింది. అది పోతాది."

"ముందు లేవండి బాబాయ్, అలా చేయకండి. కూర్చోండి" అంది ప్రణతి కంగారుగా. తలుపు దగ్గరికేసి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. చేతిలో ఫారం ఉంది, పెన్ను ఉంది. రాయాలా వద్దా అని ఆ పిల్ల ఊగిసలాడటం పెంచలయ్యకు ఆమె ఊపిరిలోనే తెలిసింది. ఇంకొంచెం ఏడిస్తే సంతకం పెట్టేస్తుందనీ తెలిసింది.

"బండిలో ఎవరిని తీసుకెళ్తుంటారు?" అని అడిగింది.

"మా కఫీల్ పిల్లోల్లను. బడికి."

"ఎంతుంటాయి వాళ్ళకి?"

"పిల్లోనికి తొమ్మిది. పిల్లకు ఆరు."

"మీ ఆవిడ ఇక్కడే ఉన్నారన్నారుగా. ఆవిడని కూడా ఎక్కించుకుంటారా?"

ఆమె మామూలుగానే అడిగింది. జవాబు చెప్పటానికి పెంచలయ్య నోరు తెరిచాడు. నాలుగు నెలలుగా పోలేరమ్మ సెగరోడ్డు మీద నడిచి పోతుంటే గేటు దగ్గర నిలబడి చూడటం గుర్తొచ్చింది. తన పెళ్ళాన్ని ఎక్కించుకోవడానికి భయపడి ఎక్కించుకోలేదు. ఆదివారం పొద్దున బడి తెరవగానే ఆ పసిపిల్లలిద్దరినీ వెనకసీట్లో కూర్చోబెట్టుకుని పోయేవాడు. ఆరేళ్ళ పిల్ల బెల్టు పెట్టుకోవడం రాక ప్రతిరోజూ "బెంచల్, బెంచల్" అని పిలిచేది. అతనే తడుముకుంటూ పెట్టేవాడు. ఛీ, నేనొక మనిషినేనా అనుకున్నాడు.

"సంతకం వద్దులే తల్లీ" అన్నాడు. "ఉన్నదున్నట్టు రాయి."

ప్రణతి రాసింది. రాస్తున్నప్పుడు ముక్కు ఎగబీల్చడం వినిపించింది. బయటిదాకా వచ్చి మెట్ల దగ్గర అతని మోచెయ్యి పట్టుకుని దింపింది.

ఆ సాయంత్రమే బదర్‌కు కాగితం ఇచ్చి, ఉన్నమాట చెప్పేశాడు. ఎన్ని నెలలుగా కనబడటం లేదో కూడా చెప్పాడు. బదర్ మొహం నల్లబడింది. కాసేపు అరిచాడు. పిల్లల పేర్లు పెట్టి అరిచాడు. పెంచలయ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఆ కోపం న్యాయమైందని అతనికి తెలుసు. చివరికి బదర్ అలసిపోయి గోడకానుకుని, "నాన్న ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు. ఖలాస్ బెంచల్. టికెట్ తీస్తా. వచ్చే శనివారం" అన్నాడు. ఇల్లుబండి మాట అతనూ ఎత్తలేదు, పెంచలయ్యా ఎత్తలేదు.

మిగిలింది ఒక్క శుక్రవారం.

పోలేరమ్మకు ఫోనులో అంతా చెప్పేశాడు. ఆమె కూడా వెనకే వచ్చేయడానికి లేదు. ఆమె ఇఖామా ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ ముసలామె ఆమె చేతి ముద్ద తప్ప ఇంకెవరి చేతిదీ తినదు, వాళ్ళు వదలరు. పెంచలయ్య పోయి కోడూరులో కూతురింట్లో ఒక మూల ఉండాలి. అల్లుడు మంచివాడే. అయినా ఆ ఇంట్లో పోలేరమ్మ ఉండదు కదా.

శుక్రవారం ఆమె వచ్చి ఎప్పట్లాగే కొంగు చెక్కింది. సంగటి చేసింది. ఇద్దరూ తిన్నారు, తిన్నామనిపించారు. తర్వాత అరలు ఖాళీ చేస్తుంటే పప్పుడబ్బా కింద చీటీ బయటపడింది. ఆమెకు చదువు రాదు. అయినా విప్పి చూసి, మళ్ళీ అవే మడతలు పెట్టి అతని జేబులో పెట్టింది. ముందుకు పోయి డ్రైవర్ పక్కసీట్లో కూర్చుంది. ఇన్నాళ్ళలో ఆమె ఆ సీటెక్కడం అదే మొదలు. పెంచలయ్య వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అద్దానికి ఎదురుగా గోడ.

"బర్రుకు తీసకపోతా అంటి. అబద్దాలకోరు నాకొడుకును" అన్నాడు.

"పోనీలే."

"నీకు ముందే సెప్పింటే బాగుండు. నీకాడ దాసిపెట్టినా."

పోలేరమ్మ గోడవైపే చూస్తూ అంది.

"నాకు తెలుసయ్యా."

"ఏం తెలుసు?"

"నీకు కండ్లు పోయినాయని. నన్ను నడ్సమన్యావే, ఆ పొద్దే తెలుసు. బదర్ మాటకు నువ్వు నన్ను యెండలో నడిపిచ్చేవాడివా? నీ సంగతి నాకు తెలీదా?" ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ బిడ్డల్ను ఎక్కించుకుని పోతావుంటే రోజూ నా పానం పానంలో లేదు. బడి యాళకు పొయ్యికాడ నిలబడి, దేవుడా దేవుడా అనుకుంటాంటి. ఎవురికైనా సెప్దామనుకుంటి. సెప్తే నిన్ను పంపిచ్చేస్తారు గదా. ఈ శుక్కురవారం పోతాది గదా అని నోరు మూసుకుంటి. కాబట్టే అట్ట కత్తిరిచ్చి నేనే పాఠం సెప్పిచ్చినా. పాపం నాది గూడా ఉండాది."

పెంచలయ్య ఏడ్చాడు. స్టీరింగు మీద తల ఆనించి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆమె అతని వీపు నిమురుతూ కూర్చుంది.

పొద్దుగూకింది. మసీదులోంచి పిలుపు వచ్చింది. పోలేరమ్మ లేచి గిన్నెలు సర్ది, పొయ్యి తుడిచి, గ్యాసు కట్టేసింది. చెప్పులు తొడుక్కుంది.

"నేను గూడా వస్తా. మీ ఇంటిదాకా" అన్నాడు.

"అంత దూరమా? మళ్ళా నువ్వొక్కడివే ఎట్ల వస్తావు?"

"మాబును రమ్మంటాలే. కారులో దించనైతి, నడిసన్నా దించుతా."

ఆమె ఇంక వద్దనలేదు. ఇద్దరూ బయటికొచ్చారు. ఇన్నేళ్ళలో ఈ దేశం వీధుల్లో వాళ్ళు పక్కపక్కన నడిచింది లేదు. అతను ముందు, ఆమె నాలుగడుగులు వెనక, ముక్కూమొహం తెలియనివాళ్ళలాగే నడిచేవాళ్ళు. ఇవాళ ఆమె వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఎవరన్నా చూస్తారని అతను అనలేదు.

పెద్దరోడ్డు దగ్గరికొచ్చారు. బండ్లు దూసుకుపోతున్నాయి. పెంచలయ్యకు వెలుగులు కదలడం తప్ప ఏదీ కనిపించడం లేదు. చప్పుడు తగ్గినట్టనిపించి అడుగు ముందుకేశాడు.

పోలేరమ్మ అతని చెయ్యి వెనక్కి లాగింది.

"ఆగు. బండొస్తాంది" అంది.

అతను ఆగాడు. బండి వెళ్ళిపోయింది. ఆమె ఇంకా కొంచెంసేపు అటూ ఇటూ చూసి, "ఊ, ఇప్పుడు పా" అని అతన్ని రోడ్డు దాటించింది.